కోలాటం లెక్క గురించి సీమ మ్యాథ్స్ సార్లకూ మేడమ్‌లకూ ఒక రిటైర్డ్ కండక్టర్ బహిరంగ లేఖ

కర్నూలు, అనంతపురం, కడప కాలేజీల్లో యూనివర్సిటీల్లో మ్యాథ్స్ చెప్పే సార్లకు, మేడమ్‌లకు నమస్కారం. నేను రాసేది కోలాట్జ్ కంజెక్చర్ గురించి, నంబర్ల మీద ఇంకా ఎవరూ రుజువు చేయని ఊహ అది, మా డిపోలో దాని పేరే కోలాటం లెక్క.

నేను ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరైనా. ఉండేది కర్నూల్లోనే. చదువు ఇంటర్ ఫెయిలు, అది కూడా మ్యాథ్స్‌లో కాదు ఇంగ్లీషులో. ఇది ముందే ఎందుకు చెప్తాన్నానంటే మీలో సగం మంది "సాల్వ్ చేసినా అంటాడేమో" అని ఈపాటికే పేజీ తిప్పేసి ఉంటారు. లేదు సార్, నేనేం సాల్వ్ చేయలేదు. చేసినా అనుకున్నా ఒకప్పుడు, పదకొండు నెలలు అదే భ్రమలో ఉన్నా, ఆ సంగతే చెప్పి మిమ్మల్ని ఒకటి అడుగుదామని ఈ లేఖ.

కోడుమూరులో రోజూ ఎక్కే హైస్కూల్ లెక్కల సార్ ఒకాయన ఉండేవాడు. పాస్ ఉన్న మనిషి కాబట్టి నాకు ఆయనతో చిల్లర గొడవ లేదు, ఉత్త మాటలే. ఒకరోజు బస్సు ఖాళీగా ఉంటే నా టికెట్ నంబర్ చూసి అన్నాడు, ఏదైనా నంబర్ తీసుకోప్పా, సరి సంఖ్య అయితే సగం చెయ్, బేసి అయితే మూడుతో గుణించి ఒకటి కలుపు, వచ్చినదానికి మళ్ళా అదే చెయ్, ఎక్కడ మొదలుపెట్టినా చివరికి ఒకటికి వస్తావు, కానీ ఎందుకు వస్తుందో ఈ భూమ్మీద ఎవరికీ తెలీదు అని. 7 తీసుకున్నా. 22, 11, 34, 17, 52, 26, 13, 40, 20, 10, 5, 16, 8, 4, 2, 1. ఎమ్మిగనూరు రాకముందే అయిపాయ. ఇంత చిన్న లెక్క ఎవరికీ తెలీకపోవడమేందని నవ్వినా. ఆ నవ్వుకి ఇరవై ఏళ్ళు పైనే అయింది.

దాని పేరు కోలాట్జ్ కంజెక్చర్ అంట, లోథర్ కోలాట్జ్ అనే జర్మన్ ఆయన 1937 ప్రాంతంలో మొదలుపెట్టినాడంట. ఆ పేరు మా డ్రైవర్‌కు నోరు తిరగక కోలాటం లెక్క అన్నాడు, మా డిపోలో అదే పేరు ఖాయమైపోయింది. అన్యాయం ఏం లేదులెండి, ముందుకు రెండడుగులు వెనక్కు ఒకటి, వంగి లేచి గుండ్రంగా తిరగడం, అంతా కోలాటమే.

డ్యూటీలో మాకు నంబర్లకు కరువు లేదు. టికెట్ నంబర్లు, ఎస్ఆర్‌లో (అంటే మేము టికెట్ల లెక్క రాసే షీటులో) ఓపెనింగ్, క్లోజింగ్, బస్సు నంబరు, కలెక్షన్. నైట్ హాల్ట్ ఊళ్ళలో రాత్రి ఎనిమిదికే జనం పడుకుంటారు, బస్సులో సీట్ల మీద నేనూ డ్రైవరూ, దోమలు. అట్లా నోటుబుక్కులు నింపినా. 26 పది అడుగుల్లో ఒకటికి వచ్చేస్తుంది. 28 పద్దెనిమిది అడుగులు. మధ్యలో ఉండే 27 మాత్రం 111 అడుగులు, 9232 దాకా ఎక్కి గానీ దిగదు. అది చేసిన రోజు నాకు నిద్ర లేదు. పక్క పక్క సీట్లలో కూర్చున్న ముగ్గురిలో ఇద్దరు తర్వాతి స్టాపులో దిగిపోయి, మధ్యలో వాడు ఒక్కడే బెంగుళూరు పోయి వచ్చినట్టు ఉండింది.

నాకు నేనుగా పట్టుకున్నవి కొన్ని ఉన్నాయి, అవి మీకు తెలిసినవే అయ్యుంటాయి, అయినా చెప్తా, ఎందుకంటే నేను అడగబోయేదానికి అవే ఆధారం.

మొదటిది ముప్పావలా లెక్క. బేసి సంఖ్యను మూడింతలు చేసి ఒకటి కలిపితే ఖచ్చితంగా సరి సంఖ్యే వస్తుంది, కాబట్టి ఒకసారి సగం గ్యారంటీ. ఆ సగం మళ్ళా సరా బేసా? వరసగా చూస్తే 3 కి 5, 5 కి 8, 7 కి 11, 9 కి 14, ఒకటి విడిచి ఒకటి సరి. అంటే సగం మందికి రెండోసారి కూడా సగం అవుతుంది, వాళ్ళలో సగం మందికి మూడోసారి, అట్లా లెక్క వేసుకుంటూ పోతే సగటున బేసికి రెండు సార్లు సగం. మూడుతో గుణించి నాలుగుతో భాగించినట్టు. రూపాయి పెడితే ముప్పావలా చేతికి వస్తుంది. రోజూ రూపాయి ముప్పావలా అయ్యే వ్యాపారంలో ఎంత షావుకారైనా ఎన్నాళ్ళు నిలబడతాడు చెప్పండి, దిగాల్సిందే. ఇది తట్టిన రోజు కిటికీలోంచి కేక పెట్టినంత పని చేసినా. మూడు బదులు ఐదుతో గుణించి చూసినా, అప్పుడు రూపాయికి రూపాయి పావలా. 7 తో మొదలుపెడితే 36, 18, 9, 46, 23, 116 అని ఎక్కుతానే ఉంది, నా నోటుబుక్కు అయిపోయింది గానీ అది దిగలేదు. సరిగ్గా నేను అనుకున్నట్టే.

రెండోది మూడు ఎక్కం నంబర్ల గురించి. మూడింతలకు ఒకటి కలిపితే వచ్చేది మూడుతో పోదు గదా. అంటే 3, 9, 15, 27 లాంటి వాటికి వాటి డబుల్స్ తప్ప ఇంకో దారి నుంచి ఎవరూ రారు. మా భాషలో రూటు చివరి ఊరు. అక్కడ బస్సు మొదలవ్వడమే, అక్కడికి ఒకసారి బయలుదేరినాక మళ్ళా పోవడం లేదు. 27 అట్లాంటి చివరి ఊరే, అందుకే అంత ప్రయాణం అని అప్పుడు అనుకున్నా (తప్పు, 3 కూడా చివరి ఊరే, ఏడే అడుగులు).

మూడోది నన్ను కొంచెం భయపెట్టింది. 31 తీసుకుంటే 47, 71, 107, 161, 242 (మధ్యలో సగం చేసేవి వదిలేస్తున్నా), ఒక్కసారి కూడా రెండు సార్లు సగం కాకుండా ఐదు సార్లు వరసగా ఎక్కుతుంది. 31 అంటే రెండుని ఐదు సార్లు గుణించి ఒకటి తీసేసింది. 242 అంటే మూడుని ఐదు సార్లు గుణించి ఒకటి తీసేసింది. పది సార్లు ఎక్కాలంటే 1023 తీసుకోండి, 59048 దాకా పోతుంది. నూరు సార్లు ఎక్కే నంబర్ కూడా రాసివ్వగలను. అంటే సగటు ముప్పావలానే గానీ, ఎంతసేపు కావాలంటే అంతసేపు లాభం చూపించే షావుకారి ఎప్పుడూ ఉంటాడు.

ఇవన్నీ పెట్టుకుని నోటుబుక్కు 41వ పేజీలో నా ప్రూఫ్ రాసినా. ఒకటి నుంచి వెనక్కి పోదాం. ఒకటికి ముందు 2, దానికి ముందు 4, 8, 16. 16 దగ్గర దారి చీలుతుంది, ఒకపక్క 32, ఇంకోపక్క 5. 5 కి ముందు 10, 10 దగ్గర మళ్ళా చీలి 20, 3. ఇట్లా ఒకటి అనే డిపో నుంచి రూట్లు చీలుకుంటా చీలుకుంటా పోతాయి, ఎక్కడా ఆగవు, అంతం లేదు. అంతం లేదు కాబట్టి అన్ని ఊళ్ళూ ఏదో ఒక రూటు మీద ఉండాల్సిందే. అయిపాయ, ప్రూఫ్!

నవ్వకండి సార్. మీరు నవ్వుతారని తెలుసు.

దాన్ని ఫెయిర్ చేయించి, జిరాక్స్ తీయించి, ఒక కాలేజీకి పోయినా. ఏ కాలేజీ ఏ సార్ అనేది చెప్పను, ఆయన మంచి మనిషే, కుర్చీ వేసినాడు, మంచినీళ్ళు ఇచ్చినాడు. మొదటి పేజీ చూసి మూసేసినాడు. "రిటైరయినారు గదండీ, హాయిగా రామకోటి రాసుకోండి" అన్నాడు. రామకోటి మా ఇంట్లో మా ఆవిడ రాస్తాంది, ఆమె నోటుబుక్కు నా నోటుబుక్కు ఒకే షాపులో కొంటాము, నాకు దాని మీద ఏం చులకన లేదు. పైగా ఆమె దాంట్లో ఏ పేజీలోనూ తప్పు పోదు, నాది చూస్తే ప్రతి పేజీలో కొట్టివేతలే. కానీ ఆ రోజు నాకు కావాల్సింది ఒక్క మాట. ఏ లైన్లో తప్పు? ఆయనకి అది చెప్పడానికి రెండు నిమిషాలు పట్టేది. ఇప్పుడు నాకు తెలుసు, నిజంగా రెండు నిమిషాలే.

ఆ తప్పు నాకెట్లా తెలిసిందో చెప్తా. రిటైర్ కాకముందు రాసిన పాత నోటుబుక్కులు ఒకసారి తిరగేస్తాంటే ఒక పేజీ కనపడింది. ఆ రాత్రి నాకు బాగా గుర్తు. నైట్ హాల్ట్, కరెంటు లేదు, ఆఖరి ట్రిప్పులో 37 మంది దిగినారు కాబట్టి 37 తో మొదలుపెట్టినా. టార్చి డ్రైవర్ తలకింద, నా చేతిలో సెల్లు వెలుగు. 110, 55, 164, 82, 41, 122, 61, 182, 91, 272, 136, 68, 34, 17, 50, 25, 74, 37. మళ్ళా 37! ఒకటికి రాలేదు, బయలుదేరిన ఊరికే వచ్చింది. ప్రపంచంలో ఎవరికీ దొరకని లూప్ నాకు దొరికిందని డ్రైవర్‌ను లేపినా. ఆయన "కలెక్షన్ తక్కువ వచ్చిందా ఏంది" అని లేచి, సంగతి విని తిట్టి పడుకున్నాడు. తెల్లారి వెలుతురులో చూస్తే ఏముంది, నిద్రమత్తులో ఒకటి కలిపే బదులు ఒకటి తీసేస్తూ పోయినా. మూడు ముప్పైయేడులు నూట పదకొండు, ప్లస్ ఒకటి 112 రావాల్సింది 110 రాసినా. ఆ పేజీ మీద పెద్దగా ఇంటూ కొట్టి వదిలేసినా అప్పట్లో.

రామకోటి మాట విన్నాక కొన్ని నెలలకు ఆ ఇంటూ కొట్టిన పేజీ మళ్ళా చూసి కూర్చుండిపోయినా. ఒకటి తీసేసే ఆటలో కూడా ముప్పావలా లెక్క అట్లే ఉంది. మూడింతలు, సగటున రెండు సార్లు సగం, పైసా తేడా లేదు. దాంట్లో కూడా ఒకటి నుంచి వెనక్కి పోతే రూట్లు చీలుకుంటా పోతాయి, అంతం లేదు. నా 41వ పేజీలో ప్లస్ అనేచోట మైనస్ పెట్టి చదివితే ఒక్క అక్షరం మార్చకుండా అంతా సరిపోతాంది. కానీ మైనస్ ఆటలో 37 ఒకటికి రాదు, నా కళ్ళతో చూసినా. 5 కూడా రాదు, 14, 7, 20, 10, మళ్ళా 5. అంటే అక్కడ డిపోలు కనీసం మూడు, ప్రతి డిపోకి అంతం లేని రూట్లు, అయినా ఒకదాని బస్సు ఇంకోదాని ఊరికి పోదు. అంతం లేకపోవడం వేరు, అన్నీ ఉండటం వేరు. సరి సంఖ్యలకు కూడా అంతం లేదు, దాంట్లో మూడు ఉంటుందా?

నా ప్రూఫ్ అట్లా సచ్చిపోయింది. ఏడుపు రాలేదు, నిజం చెప్తాన్నా, ఏదో పోయిన చిల్లర లెక్క తేలినట్టు అనిపించింది.

ఆ తర్వాత తెలిసినోళ్ళ పిల్లలతో చదివించుకుని కొన్ని విషయాలు తెలుసుకున్నా. ముప్పావలా వాదన అందరికీ ఎప్పుడో తెలుసంట. 1976 లోనే రిహో టెర్రాస్ అనే ఆయన, దాదాపు అన్ని నంబర్లూ ఏదో ఒకసారి తాము మొదలుపెట్టినదానికంటే కిందికి దిగుతాయని ప్రూవ్ చేసినాడంట. 2019 లో టెరెన్స్ టావ్ అనే లెక్కలాయన దాన్ని ఇంకా చాలా దూరం తీసుకుపోయినాడు, ఎంత నిదానంగా పెరిగే హద్దు పెట్టినా సరే, చివరకు అంతం లేకుండా పెరిగేదైతే చాలు, దాదాపు అన్ని నంబర్లూ ఆ హద్దు కిందికి దిగి తీరతాయని. ఆ "దాదాపు" దగ్గరే నా మనసు ఆగింది. చెకింగ్ వాళ్ళు బస్సెక్కినప్పుడు "సార్, దాదాపు అందరికీ టికెట్ కొట్టినా" అని చెప్పి చూడండి ఏమవుతుందో. ఒక్కడు టికెట్ లేకుండా దొరికినా కేసు కండక్టర్ మీదే. లెక్కల వాళ్ళు కూడా మా చెకింగ్ స్క్వాడ్ లాంటోళ్ళే అని అప్పుడు మీ మీద గౌరవం వచ్చింది.

కంప్యూటర్లు పెట్టి చూసినారు గదా అంటారు కొందరు. అవును, 2020 నాటికే రెండుని 68 సార్లు గుణిస్తే వచ్చేంత దాకా, అంటే 21 అంకెల నంబర్ దాకా ప్రతిదీ చూసినారు, అన్నీ ఒకటికే వచ్చినాయి. కానీ ప్యోల్యా అనే ఆయన 1919 లో ఇంకొకటి ఊహించినాడు, నంబర్ల ప్రధాన కారణాంకాలు సరి సంఖ్యలో ఉంటాయా బేసి సంఖ్యలో ఉంటాయా అనే దాని గురించి, చూసినంత వరకూ కరెక్టే. 1958 లో తప్పని తేల్చినారు. అది మొట్టమొదట తప్పేది 90 కోట్ల 61 లక్షల 50 వేల 257 దగ్గర. అంతదాకా నోటుబుక్కు పెట్టుకుని కూర్చునేవాడు ఎవడు?

ఇంకొకటి నాకు బాగా గుచ్చుకుంది. సరి బేసి అనేదాన్ని నేను నాణెం ఎగరేసినట్టు లెక్క వేసినా, బొమ్మా బొరుసా సగం సగం అని. కానీ అది నాణెం కాదు, ముందే అచ్చేసిన టికెట్టు. 27 కి ఏ అడుగులో ఏం వస్తుందో 27 లోనే రాసి ఉంది, అదృష్టం అనేది యాడా లేదు. సగటులు జనాన్ని గురించి చెప్తాయి, ఒక్క ప్యాసింజర్ గురించి చెప్పవు. ఎర్డోష్ అనే పెద్ద లెక్కలాయన ఇట్లాంటి లెక్కలకు మ్యాథ్స్ ఇంకా రెడీగా లేదేమో అన్నాడంటే, 500 డాలర్లు ప్రైజ్ పెట్టినాడంటే, ఊరికే కాదు. కాన్వే అనే ఇంకో లెక్కలాయన అయితే 1972 లోనే, ఈ రకం ఆటలు అన్నిటికీ కలిపి ఒకే పద్ధతిలో తేల్చే దారి లేదని ప్రూవ్ చేసినాడు. మన ఒక్క ఆట సంగతి మాత్రం దాంతో తేలలేదు.

సరే, ఇంక అసలు విషయానికి వస్తా. మీ దగ్గరికి నాలాంటోళ్ళు వస్తారు. రిటైరైన టీచర్లు, బ్యాంకోళ్ళు, మిల్లు గుమాస్తాలు, ఇంజనీరింగ్ పిల్లలు కూడా. కవర్లో పెట్టి పంపిస్తారు, ఫోన్లు చేస్తారు, కొందరు రుబాబు కూడా చేస్తారని విన్నా. మీకు పేపర్లు దిద్దేది ఉంటుంది, సిలబస్ ఉంటుంది, ఇన్‌స్పెక్షన్లకు ఫైళ్ళు రెడీ చేసేది ఉంటుంది, అన్నీ చదవమని నేను అడగను, అది న్యాయం కూడా కాదు. నేనడిగేది, ఎవరైనా కోలాటం ప్రూఫ్ అని వస్తే "ఇదే ప్రూఫ్‌లో ప్లస్ బదులు మైనస్ పెట్టి చదువుకుని రండి" అని ఒక్క ముక్క చెప్పండి. ఆ ముక్కను కాగితం మీద రాసి డిపార్ట్‌మెంట్ తలుపుకు అంటించినా చాలు. మైనస్‌కి కూడా సరిపోతే ఆ ప్రూఫ్ తప్పే, ఇంక ఎవరూ దాన్ని చదవక్కర్లేదు, మీకు టైమ్ మిగులుతుంది, వచ్చినోడికి ఒక దారి దొరుకుతుంది. ఎక్కువ మంది నాలాగే అక్కడే పడిపోతారు, కానీ ఎందుకు పడినామో తెలిసి పడతాము. రామకోటి రాసుకో అంటే మనిషి రామకోటి రాయడు సార్, ఇంకో కాలేజీకి పోతాడు. నేనూ పోయినా, ఇంకో రెండిటికి.

రెండోది, కుదిరితేనే. నెలకి ఒక ఆదివారం, రెండు గంటలు, మూడు జిల్లాల్లో ఏదో ఒక ఊర్లో, ఒక బోర్డు ఉన్న గది. నోటుబుక్కులు ఉన్నోళ్ళు తెచ్చుకుంటారు. ఒకరు బోర్డు మీద పెడితే మిగతావాళ్ళు ఎక్కడ తెగిందో వెతుకుతారు, మీరు ఊరికే కూర్చుని దారి తప్పినప్పుడు ఒక మాట అంటే చాలు. శాలువాలు వద్దు, సర్టిఫికెట్లు వద్దు, ఫ్లెక్సీలు అసలే వద్దు. టీ ఖర్చు నాది.

మీలో ఒకరు నాకు ఇదివరకు రామానుజన్ పేరు చెప్పి ఎగతాళి చేసినారు, మా వాళ్ళు అదే పేరు చెప్పి ఎగదోసినారు, రెండూ నాకు ఇష్టం లేదు. నేను రామానుజన్ కాదని నా కొట్టివేతలకు తెలుసు. కానీ 1913 లో ఆయన ఇంగ్లండ్ లెక్కలాయన హార్డీకి రాసిన ఉత్తరంలో ప్రధాన సంఖ్యల గురించి చెప్పింది తప్పే అంట గదా. హార్డీ, ఆయన తోటి లెక్కలాయన లిటిల్‌వుడ్ ఇద్దరూ అది తప్పని పట్టుకున్నారు. అంతటాయనకూ ఊహ తప్పింది, అంతటాయనకూ ఎక్కడ తప్పిందో చెప్పేవాళ్ళు కావాల్సి వచ్చింది, నాకు ఆ కథలో నచ్చేది ఆ భాగమే.

నాతోటి నోటుబుక్కు బ్యాచ్‌కి కూడా ఒక మాట. సార్ల ముందు "ప్రూవ్ చేసినా" అని మొదలుపెట్టకండయ్యా. "నాకు ఇట్లా అనిపిస్తాంది, ఎక్కడ తప్పు" అని అడగండి. వాట్సాప్‌లో ప్రధానమంత్రికి ఫార్వర్డ్ చేయమని పెట్టకండి. నేను అదీ చేసినా, సిగ్గుతో చెప్తాన్నా.

ప్రస్తుతం నేను ఆగిన చోటు ఇది. మైనస్ ఆటలో మూడు డిపోలు కనపడతాయి, 1 ది, 5 ది, 17 ది (నా 37 ఈ 17 రూటు మీదే). ప్లస్ ఆటలో ఒక్కటే. రెండిటికీ తేడా ఒక్క ప్లస్సు మైనస్సు. ఆ ప్లస్ ఒకటి అక్కడ చేసే పని ఏంది, ఇక్కడ మైనస్ ఒకటి చెయ్యలేని పని ఏంది? దీని మీద 112వ పేజీలో ఒక ఊహ రాసి పెట్టినా. అది మైనస్ పరీక్ష కూడా దాటింది, అందుకే భయంగా ఉంది. ఎవరైనా ఒక ఆదివారం చెప్తే పట్టుకుని వస్తా, అనంతపురం అయినా కడప అయినా. సీనియర్ సిటిజన్ టికెట్టే గదా.

ఇట్లు
మీ ఒక రిటైర్డ్ కండక్టర్
కర్నూలు

తా.క.: 27 ఇంట్లో చేసి చూద్దామనుకునే పిల్లలు పెన్సిల్‌తో చెయ్యండి, 111 లైన్లు పడుతుంది. ఐదో అడుగులో 31 రావాలి, 77వ అడుగులో 9232 రావాలి. రాకపోతే ఎక్కడో కలపాల్సిన చోట తీసేసి ఉంటారు.